మూడున్నరకి తుఫాను

వెయ్యిన్నీ తొమ్మిదివందల తొంభై ఆరో సంవత్సరం, నవంబరు ఎనిమిదో తారీకు, శుక్రవారం, మధ్యాహ్నం సరిగ్గా మూడున్నర. నేను పుట్టిన తారీకు నాకు తెలీదు. నా పెళ్ళి తారీకు పెళ్ళి చేసిన పాస్టరుగారే మర్చిపోయేరు. ఈ తారీకు, ఈ గంట మాత్రం నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ గంటకి నేను పరాయి దేశంలో, పరాయివాళ్ళ పిల్లలిద్దర్ని ఒక కొబ్బరిచెట్టుకి కట్టేసేను. ఆటకి కట్టేనేమో అనుకునేరు. ఊపిరాడ్డానికి సరిపడా సందు వదిలి మిగతాదంతా బిగించి మరీ కట్టేను.

ఆ రోజుల్లో మా కోనసీమలో వీధికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు దుబాయిలో ఉండేవారు. (దుబాయంటే దుబాయే అనుకోకండి. మస్కట్టయినా బహ్రైనయినా, మా వేపు ఎడారి దేశం ఏదైనా దుబాయే. నేనున్నది కూడా అసలు దుబాయి కాదు. ఏదైతే ఏం, వంటిల్లు ఎక్కడైనా వంటిల్లే.) ఊళ్ళో మగాళ్ళు రొయ్యల చెరువుల మీద కాపలాకి పోయేవారు, ఆడాళ్ళు విమానం ఎక్కేవారు. మా ఆయన కూడా అలాగే కాపలాకని పోయి, చెరువు గట్టున ఇంకో కాపురం పెట్టేడు. దాని గురించి ఇప్పుడు చెప్పను, ఇంకెప్పుడూ కూడా చెప్పను. దానివల్ల జరిగిన మంచి ఒకటే, అప్పటిదాకా ఉప్పూ నిప్పులా ఉన్న మా అత్తా నేనూ ఒక జట్టయ్యేం. ఇద్దరం కలిసి ఆయన్ని తిట్టుకునేవాళ్ళం. ఆవిడ గొంతు లేస్తే ముమ్మిడివరం దాకా వినపడుతుందని ఊరంతా ఆవిణ్ణి కంచుగంట అనేవారు. ఆ కంచుగంట దగ్గరే నా ఆరేళ్ళ పిల్లని, మా బుడ్డదాన్ని వదిలి నేను విమానం ఎక్కేను. అప్పటికి నాకు చదువు లేదు. పాసుపోర్టు మీద వేలిముద్ర వేసేను. ఆ విమానంలో నాకు చదవడానికొచ్చిన గుర్తు ఒక్కటే, మరుగుదొడ్డి తలుపు మీద ఆడమనిషి బొమ్మ.

మా నాన్న గురించి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు పిచ్చిగా కనిపిస్తుంది. మా నాన్నది కూడా మా అత్తారి ఊరే, కొబ్బరి దింపులు తీసేవాడు. తోట తోటకీ తిరిగి, చెట్టెక్కి కాయలు దించడమే ఆయన పని. చెట్టు మీద ఉన్నంతసేపు పాటలు పాడేవాడు, నేల మీదకి దిగితే ముభావంగా ఉండేవాడు. నాకు ఏడో ఎనిమిదో ఏళ్ళప్పుడు ఒక గాలివానకి సముద్రం మా లంక మీదకి వచ్చింది. ఊళ్ళోవాళ్ళంతా ఇళ్ళల్లో దూరి తలుపులేసుకున్నారు. మా నాన్న మాత్రం నన్నూ మా తమ్ముణ్ణీ చంకనేసుకుని దొడ్లో ఉన్న పాత కొబ్బరిచెట్టు దగ్గరకి పరిగెత్తేడు. "ఇల్లు మనిసి కట్టింది, పడిపోతాది. చెట్టు దేవుడు కట్టింది, ఒంగుతాది గానీ ఇరగదు" అన్నాడు. మా అమ్మ కోకతో మమ్మల్ని మానుకి కట్టేడు. ఆ కట్టడానికి ఒక పద్ధతుంది. మొహం మానుకేసి ఉండాలి, వీపు నీటికేసి ఉండాలి. చంకల కింద ఒక చుట్టు, నడుముకి ఒక చుట్టు. ముడి పిల్ల చేతికి అందకూడదు, భయపడి వాళ్ళే విప్పేసుకుంటారు. గుడ్డ తడిస్తే ఇంకా మంచిది, ముడి రాయవుతుంది. తెల్లారేక ఇల్లు లేదు, మేమున్నాం. ఆ తర్వాత ఏటేటా వానలు మొదలయ్యే ముందు ఆయన నాచేత స్తంభానికి బిందెల్ని కట్టించి ముళ్ళు నేర్పేడు. మా ఊళ్ళో మిగతా ఆడపిల్లలు ముగ్గులు నేర్చుకుంటూంటే నేను బిందెలకి ఉరేసేదాన్ని.

ఇక ఆ దుబాయి ఇంటి సంగతి. అక్కడ యజమానిని బాబా అనాలి, ఆయన భార్యని మామా అనాలి. (మొదటి నెలంతా ఆవిణ్ణి పిలిచినప్పుడల్లా మీసాలున్న మా మేనమామ గుర్తొచ్చి నవ్వొచ్చేది. రెండో నెల నుంచి నవ్వు పోయింది.) వాళ్ళకి ఇద్దరు పిల్లలు. పెద్దది మా బుడ్డదాని ఈడుదే. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి తీర్పులు చెప్పేది, పాలు వేడెక్కువ, జడ వదులు, నువ్వు తప్పు. నేను దానికి మేజిస్ట్రేటని పేరు పెట్టుకున్నాను. రెండోవాడు గుమ్మడికాయ, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉండేవాడు. బాబా తల్లి చక్రాల కుర్చీలో ఉండేది, పెద్దావిడ. నేను వెళ్ళిన దగ్గర్నుంచి ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. పొద్దస్తమానం కిటికీలోంచి సముద్రంకేసి చూస్తూ కూర్చునేది, సముద్రం ఆవిడకేదో బాకీ ఉన్నట్టు. ఆ ఇంటికి ఒక మలయాళీ డ్రైవరు ఉండేవాడు. ఒకప్పుడు విజయవాడలో పనిచేసేడు గనక తెలుగు వచ్చు. ఆ దేశంలో నా తెలుగుకి బదులు చెప్పే నోరు అదొక్కటే.

గురువారం పొద్దున్న నేను బట్టలు ఆరేస్తూంటే ఆ డ్రైవరన్న వచ్చి నిలబడ్డాడు. ఊరికే నిలబడే మనిషి కాదు.

"అక్కా, మీది గోదావరి దగ్గర కదా?"

"ఆయ్. దగ్గరేంటి, మధ్యలోనే. ఏం?"

"నిన్న రాత్రి పెద్ద తుఫానంట. కాకినాడ, ఆ పక్కనంతా. రేడియోలో చెప్పేరు."

"మనుషులకేమైనా అయ్యిందంటా?"

"అక్కడికొచ్చేసరికి సరిగా వినపడలేదక్కా" అన్నాడు, నా చేతిలో ఉన్న తడి చొక్కా తీసుకుని తీగ మీద ఆరేస్తూ.

అతనికి బాగానే వినపడింది. ఆ ఇంట్లో తను తొడిగే చొక్కా కూడా తను ఆరేసుకోనివాడు, ఆ పూట నా బట్టలన్నీ ఆరేసేడు. నాకు అప్పుడే అర్థమైపోయింది.

మా ఊరికి ఫోను లేదు. ముమ్మిడివరంలో ఎస్టీడీ బూతుకి చేస్తే, ఆ బూతాయన సైకిలు మీద మనిషిని పంపి మా నాన్ననీ బుడ్డదాన్నీ పిలిపించేవాడు. డ్రైవరన్న బజారుకి పోయి పదే పదే చేసి వచ్చేడు. గంట కూడా మోగడం లేదన్నాడు. నేను మామా దగ్గరకి వెళ్ళి, నాకొచ్చిన వంటింటి అరబీలో చెప్పేను, మా ఊరు, గాలి, నీళ్ళు, నా పిల్ల. (అంతకుమించి మాటలు రావు. ఉల్లిపాయలు, మిరియాలు, ఇస్త్రీ అని ఎన్ని మాటలు వచ్చినా అప్పుడు పనికిరాలేదు.) ఆవిడ నా భుజం తట్టి దేవుడు చూసుకుంటాడంది. రేపు మేజిస్ట్రేటు పుట్టినరోజు, సముద్రపు పార్కుకి వెళ్తున్నాం, పిల్లల బట్టలు ఇస్త్రీ చెయ్యమంది. ఆవిడ చెడ్డది కాదు. తుఫానంటే ఏంటో ఆవిడకి తెలీదు, అంతే. ఆ దేశంలో ఏడాదికోసారి నాలుగు చినుకులు పడితే పిల్లలు గంతులేస్తారు. నేను ఇస్త్రీ చేసేను. గుమ్మడికాయ నిక్కరు ఒకటి మాడింది కూడా.

ఆ పార్కు ఎలా ఉంటుందో చెప్పమని మా ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు. ఏం చెప్పను! అసలు సముద్రం పక్కనే ఉంది, ఊరికే దొరుకుతుంది. దానికి వీపు పెట్టి గోడ కట్టి, టిక్కెట్టు పెట్టి, లోపల ఇంకో సముద్రం చేసేరు. గుమ్మమేమో తిమింగలం నోరు. పైనుంచి పళ్ళు వేలాడుతూంటే కింద నుంచి నేను పెద్దావిడ కుర్చీ తోసుకుంటూ వెళ్ళాలి. మా పాస్టరుగారు చెప్పే యోనా గుర్తొచ్చేడు. ఆయన్నైనా చేప మింగింది గానీ, టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళలేదు కదా. లోపల మూడు తెరచాపల ఓడ ఒకటి, ఎక్కడికీ వెళ్ళదు. తెల్లబట్టలూ తెల్లటోపీలూ పెట్టుకున్న సరంగులు, ఎవరూ చేపల కంపు కొట్టడం లేదు. అద్దాల వెనక చేపలు. జనం వాటిని చూసి మురిసిపోతూంటే నేను నాకు తెలీకుండానే పులుసుకి పనికొచ్చేవి ఒక పక్క, వేపుడుకి పనికొచ్చేవి ఒక పక్క విడదీస్తున్నాను. మా పండుగప్పలాంటి చేప ఒకటి అద్దం దాకా వచ్చి నా మొహం చూసి, నేను ఏ రకమో తెలిసిపోయినట్టు గిరుక్కున వెనక్కి తిరిగింది.

ఇంకో రోజయితే నేనూ సరదా పడేదాన్నేమో. ఆ రోజు మాత్రం ఏ నీళ్ళు చూసినా నాకు మా వీధే కనపడింది. ఆ ఓడ చూస్తే మా గుమ్మంలో ఎవరైనా పడవేసుకొచ్చేరా అనిపించింది. జనం మెడలకి రబ్బరు చక్రాలు తగిలించుకుని నవ్వుతూంటే, వీటిలో ఒక్కటి మావాళ్ళ దగ్గరుంటే చాలును కదా అనుకున్నాను. మేజిస్ట్రేటు మధ్యమధ్యలో నా మొహం చూసి తీర్పు చెప్పింది, "నా పుట్టినరోజునాడు నువ్వు నవ్వడం లేదు, తప్పు." నవ్వేను. అది చూసి గుమ్మడికాయ ఏడ్చేడు.

మధ్యాహ్నానికి ఒక పెద్ద చెరువు దగ్గరకి చేరేం. దాని మీద ఆకాశమంత డేరా కప్పు. గట్టున వరసగా కొబ్బరిచెట్లు. ఆ దేశంలో ఖర్జూరం తప్ప కొబ్బరి ఎరగను, ప్రాణం లేచొచ్చింది. దగ్గరకి పోయి అరచేత్తో మానుని తట్టేను. ఖంగుమంది. ఇనుము! పైన ప్లాస్టిక్ ఆకులు, కాయలన్నీ ఒకే సైజు, మరలతో బిగించి ఉన్నాయి. మా నాన్న ఇక్కడుంటే "దీనికి దింపు తియ్యాలంటే కత్తి కాదే, పానా కావాలి" అనేవాడు. ఆ పక్కనే ఒక బోర్డుంది. దాని మీద అరబీలోనూ ఇంగ్లీషులోనూ ఏదో రాసి ఉంది. తెలుగులో రాసినా నాకప్పుడు ఒకటే. బాబా కాఫీ తాగడానికి వెళ్ళేరు. మామా తన పట్టు శాలువా పెద్దావిడ కుర్చీకి తగిలించి, పిల్లల్ని చూస్తూ ఉండమని నాకు చెప్పి, ఐస్‌క్రీములు తేవడానికి వెళ్ళింది. చెట్టు కింద నేనూ, పెద్దావిడా, పిల్లలిద్దరూ మిగిలేం.

మూడున్నరయ్యింది. ముందు ఓడ కూసింది, గుండెల్లోకి దిగేలాగ. తర్వాత దీపాలు పోయేయి. డేరా కింద అంతా కాటుక. ఎక్కడో ఉరిమింది. మెరుపు మెరిసింది, ఆ వెలుగులో చెరువు అవతలి గట్టు కదులుతున్నట్టు కనపడింది. గాలి లేచింది. ప్లాస్టిక్ ఆకులు టపటపా కొట్టుకున్నాయి. ఆ చప్పుడు విన్నాక నాకింక ఇనుమూ లేదు, పార్కూ లేదు. జనం అరుస్తూ పరిగెత్తుతున్నారు. సరదాకి అరిచే అరుపుకీ చచ్చేవాడు అరిచే అరుపుకీ దూరం నుంచి ఏమీ తేడా ఉండదండీ. ఇప్పటికీ నాకు తెలీదు.

నేను ఆలోచించలేదు. నా చున్నీ లాగేను, మేజిస్ట్రేటుని మానుకేసి నొక్కేను. అది "లా, లా" అని అరబీలో వద్దంటోంది. "నోరుముయ్యవే! మానుని కావిలించుకో! మొహం తిప్పకు!" అని తెలుగులో ఒక్క కేకేసేను. నోరుమూసుకుని కావిలించుకుంది. నేనున్నన్నాళ్ళలో ఆ పిల్ల నా మాట విన్నది అదొక్కసారే, అదీ దానికి రాని భాషలో. చంకల కింద ఒక చుట్టు, నడుముకి ఒక చుట్టు, ముడి పక్కకి. గుమ్మడికాయకి మామా పట్టు శాలువా చుట్టేను. వాడు కదిలే రకం కాదు, పని తేలికైంది. ఇక పెద్దావిడ. కుర్చీకి చక్రాలు, నీళ్ళొస్తే మొదట పోయేది ఆవిడే. దేంతో కట్టాలి? నా ఒంటి మీద ఇంకేముంది? వెతుక్కుంటూ తిరిగితే, పెద్దావిడ తన భుజాల మీద కప్పుకున్న నల్ల శాలువా తీసి నా చేతికిచ్చింది. ఇచ్చి కుర్చీని తనే మానుకేసి జరుపుకుంది. మెరుపులో ఆవిడ మొహం చూసేను. ఆ గుంపు మొత్తంలో నిజంగా భయపడ్డవాళ్ళం ఇద్దరమే. నేనూ, ఆవిడ.

ముగ్గుర్నీ కట్టేసి, వాళ్ళకి అడ్డంగా నీళ్ళకేసి తిరిగి చేతులు చాపి నిలబడ్డాను. కెరటం లేచింది. చీకట్లో తెల్లటి గోడలాగ వస్తోంది. "ప్రభువా, నా పిల్ల!" అని అరిచేను.

కెరటం వచ్చింది. నా మోకాళ్ళ దాకా వచ్చింది. ఆగింది. వెనక్కి పోయింది. తర్వాత పాట వేసేరు.

దీపాలు వెలిగేసరికి మా చుట్టూ జనం. చప్పట్లు! ఇదంతా ఆటలో భాగమే అనుకున్నారు. కెమెరాలు టకటకమంటున్నాయి. ఒక పెద్దమనిషి తన కొడుకుని ఎత్తుకొచ్చి, ఈ పక్క చెట్టుకి వీణ్ణి కూడా కట్టమ్మా అన్నట్టు సైగ చేసేడు, వెనకాల ఇంకో ఇద్దరు వరసలో నిలబడ్డారు కూడా. విజిలు ఊదుకుంటూ ఒక తెల్లటోపీ సరంగు వచ్చి మేజిస్ట్రేటు ముడి విప్పబోయేడు. రాలేదు. గోళ్ళతో లాగేడు, పళ్ళతో లాగేడు. తడిగుడ్డ ముడి, అది మా నాన్న ముడి, టోపీలకి వస్తుందా? ఓడ ముళ్ళు నేర్పే ఆట అక్కడే పక్క గదిలో ఉందట, ఆ ఆట నేర్పేవాడే ఈ టోపీ. అప్పుడొచ్చింది మామా, రెండు చేతుల్లో ఐస్‌క్రీములు కారిపోతూ. పిల్లల్ని చూసింది, అత్తగార్ని చూసింది, లండన్ నుంచి తెప్పించుకున్న తన పట్టు శాలువాని చూసింది. "మజ్నూన!" అని కేకేసింది. పిచ్చిదానా అని. చివరికి కత్తెర తెచ్చేరు. శాలువా రెండు ముక్కలైంది. గుమ్మడికాయని విప్పేక కూడా వాడు చెట్టుని వదల్లేదు, వాడికి అక్కడే బాగుంది.

మామా నా జబ్బ పట్టుకుని ఊపుతోంది, ఎందుకు కట్టేవ్, ఎందుకు కట్టేవ్ అని. బాబా కాఫీ కప్పుతోనే పరిగెత్తుకొచ్చేరు. నాకు అరబీ ఒక్క ముక్క రాలేదు. ఉల్లిపాయ అన్న మాట కూడా రాలేదు. తెలుగులోనే అందరికీ చెప్పేను, టోపీ ఆయనకీ, బాబాకీ, చప్పట్లు కొట్టినవాళ్ళకీ. "మీ పిల్లల్ని నేను కట్టేనండీ. నా పిల్లని ఎవరు కట్టేరు? నా బుడ్డదాన్ని ఎవరు కట్టేరు?" ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కానివాళ్ళే చుట్టూ ఉన్నారు గనక గట్టిగా ఏడ్చేను.

అప్పుడు పెద్దావిడ నోరు తెరిచింది. ఆవిడ గొంతు నేను వినడం అదే మొదలు, బొంగురుగా, మగగొంతులా ఉంది. "అరవకు" అంది కోడలితో. "నీళ్ళొచ్చినప్పుడు నువ్వు మిఠాయి కొంటున్నావు. ఇది పిల్లల్ని కట్టింది." తర్వాత నాకేసి తిరిగి, చిన్న పిల్లతో చెప్పినట్టు ఒక్కొక్క మాటే విడదీసి అడిగింది, నాకు తెలిసిన మాటలతోనే, "మీ ఇంటికి సముద్రం వచ్చిందా?" తలూపేను.  ఆవిడ కుర్చీ పక్కన నేల తట్టింది, కూర్చోమని. మునుపు వాళ్ళ ఊళ్ళో మగాళ్ళు ముత్యాల కోసం సముద్రంలో మునిగేవారట. ఆవిడ తండ్రి వెళ్ళిన పడవ తిరిగి రాలేదట. ఆ సంగతి తర్వాత డ్రైవరన్న చెప్పేడు. బోర్డు సంగతి కూడా అతనే చెప్పేడు, కారు తోలుతూ, నవ్వాలో మానాలో తెలీక మూతి బిగించుకుని. "దాని మీద రాసి ఉందక్కా. రోజూ మధ్యాహ్నం మూడున్నరకి తుఫాను అని."

తుఫానుకి టైమా! బస్సులాగ!

మర్నాటి నుంచి పెద్దావిడ హుకుం మీద ఇంట్లో ఫోను వంటింట్లోకి వచ్చింది. కూర కలుపుతూ ఒక చేత్తో అంకెలు నొక్కేదాన్ని. (అంకెలు వచ్చండోయ్, కొబ్బరికాయల లెక్కలో నేర్చుకున్నాను.) వారం దాటి పోయేక ఒకరోజు అవతల గంట మోగింది. బూతాయన గొంతు విని పేరు చెప్పేను. మనిషిని పంపిస్తానండి, కాసేపాగి చెయ్యండి అన్నాడు. ఆ కాసేపట్లో అన్నం మాడిపోయింది.  మళ్ళీ చేసేసరికి ఫోనులో మా అత్త. ఆవిడ ఫోను పట్టుకోవడం అదే మొదటిసారి. అంత దూరం వినపడాలి కదా అని గొంతు చించుకుని అరిచింది.

"ఒసేయ్! బతికే ఉన్నావా?"

"నేనెందుకు పోతాను అత్తా! గాలివాన మీకు కదా వచ్చింది!"

"ఏమో, అంత దూరం పోయేవు, అక్కడికీ వచ్చిందేమో అని! పిల్ల బాగానే ఉంది, ఏడవకు. ఇదిగో, మాటాడు."

"అమ్మా!" అంది బుడ్డది. "హెలికాప్టరు చూసేను! బిస్కెట్ల పొట్లాలు పడేసేరు! నేను రెండు ఏరేను! బడిలో అందరం కలిసి పడుకున్నాం, ఎంత బాగుందో! నువ్వు రాలేదే?"

అంత నవ్వు దాని గొంతులో.  బడిలోకి ఎలా పోయేరని అత్తని అడిగేను. చెట్టుకి కట్టలేదా అని అడిగేను.

"కట్టబోయేను. మీ నాన్న కట్టమన్నాడు. తాడు తెచ్చుకుని వెళ్తూంటే నా కళ్ళముందే పక్కింటోళ్ళ చెట్టు పుటుక్కున ఇరిగిపోయింది, అగ్గిపుల్లలాగ. ఆ వెనక ఇంకోటి. పిల్లని చంకనేసుకుని బడి మేడలోకి లగెత్తేను."

"నాన్న?"

కంచుగంట మోగలేదు. ఆవిడ గొంతు తగ్గడం నా కాపురం మొత్తంలో నేనెరగను. ఎంత తగ్గిందంటే, రిసీవరు చెవికి నొక్కుకోవాల్సి వచ్చింది.

"రావయ్యా రావయ్యా అని మొత్తుకున్నానే. ఇంటే కదా. నలభై ఏళ్ళుగా ఎక్కేను, అది నన్నొదలదు అన్నాడు. ఆ దొడ్లో పాత చెట్టు లేదూ, మిమ్మల్ని కట్టేడే, దానికే కట్టుకున్నాడు. తెల్లారి చూస్తే చెట్టూ ఆయనా ఒకే చోట పడున్నారు. ముడి మాత్రం ఊడలేదే. కోసి తియ్యాల్సి వచ్చింది."

పొయ్యి మీద నూనె పొగలు లేస్తోంది. వెళ్ళి ఆపేను. పెద్దావిడ కుర్చీ తోసుకుంటూ తనే వంటింటి గుమ్మం దాకా వచ్చింది.  మేజిస్ట్రేటు వచ్చి నన్ను చూసి, ఆ పూట ఏ తీర్పూ చెప్పకుండా వెళ్ళిపోయింది.

గడువు తీరేక నేను మా ఊరు తిరిగొచ్చేను. కొబ్బరి తోటలున్న చోట ఆకాశం ఉంది. మా వేపు మనిషికి అంత ఆకాశం ఒక్కసారి చూడటం మంచిది కాదండీ, కళ్ళు తిరుగుతాయి. నలభై దాటేక మా బుడ్డదే నాకు అక్షరాలు నేర్పింది. అప్పటికది ఇంటరు చదువుతోంది. నేను పలక మీద అ, ఆలు దిద్దుతూంటే కంచుగంట పక్కన కూర్చుని "ముసల్దానివవుతున్నావు, చదివి కలెక్టరీ చేస్తావా" అనేది. (ఆవిడ కూడా పోయింది. నిద్రలో పోయింది, అరవకుండా. ఎవరూ నమ్మలేదు.) ఇప్పుడు ఏ ఊరెళ్ళినా బోర్డులన్నీ చదువుతాను. బస్సు బోర్డు, మందుల షాపు బోర్డు, గోడ మీద కరపత్రం, దేన్నీ వదలను. నాతో బయటికొచ్చినవాళ్ళకి విసుగు. ఏం చెయ్యను, ఒక బోర్డు చదవలేక నేను చేసిన పని మీకు తెలుసు కదా. మూడున్నరకి తుఫాను అని మా ఊళ్ళో కూడా ఎవరైనా బోర్డు పెట్టి ఉంటే మా నాన్న చదవగలిగేవాడా? ఆయనకీ అక్షరం ముక్క రాదు. చదవగలిగినా చెట్టునే నమ్మేవాడు.

ఈ కథ విన్న దగ్గర్నుంచి మా బుడ్డదాని కొడుకు వానపడితే చాలు తువ్వాలు పట్టుకొస్తాడు. అరుగు స్తంభాన్ని కావిలించుకుని, "అమ్మమ్మా, కట్టు! మొహం మానుకేసి, వీపు నీటికేసి!" అంటాడు. కడతాను. చంకల కింద ఒక చుట్టు, నడుముకి ఒక చుట్టు, అంతా పద్ధతి ప్రకారమే. చివర్న వేసేది మాత్రం ఒక్క లాగుతో ఊడొచ్చే ముడి. కెరటానికి ఎదురుగా చేతులు చాపి నిలబడ్డ ఆ పిచ్చిదాన్ని తల్చుకుంటే నవ్వొస్తుంది. మోకాళ్ళ దాకా నీళ్ళు, తల మీద చున్నీ లేదు, చుట్టూ చప్పట్లు. ఆ ధైర్యంలో సగం ఇప్పుడు లేదు. ఆ ముడి మీద నమ్మకమూ లేదు.

ఆ రోజు అక్కడున్నవాళ్ళు: చెట్టుకి మేజిస్ట్రేటు, గుమ్మడికాయ, పెద్దావిడ. ఐస్‌క్రీములతో మామా. కాఫీ కప్పుతో బాబా. విజిలు ఊదిన తెల్లటోపీ ఆయన. కొడుకుని కూడా కట్టమన్న పెద్దమనిషి, ఆ కొడుకు. బయట కారు దగ్గర డ్రైవరన్న. మధ్యలో నేను. మా నాన్న పోయి అప్పటికి రెండు రోజులు. అయినా ఆ ముళ్ళు చూసినవాళ్ళెవరూ ఆయన అక్కడ లేడనరు.